ఈవెంట్ హ్యాండ్లర్లు రాయడం మొదలుపెట్టిన మేనల్లుడికి

మల్లేశ్వరం,
బెంగళూరు.

చిరంజీవికి అత్తయ్య ఆశీస్సులు.

మొన్న నువ్వు చూపించిన బిల్లింగ్ ప్రాజెక్టు గురించి మాట్లాడదామంటే మీ మామయ్య నిన్ను క్రికెట్ ముందు నుంచి లేవనివ్వలేదు. అందుకే రాస్తున్నాను.

ఫారంలో బటన్‌ని డబుల్ క్లిక్ చేయగానే విజువల్ స్టూడియో (మనం ప్రోగ్రాం రాసే సాధనం) 'బటన్1_క్లిక్' అనే మెథడ్ పుట్టించింది. బటన్ నొక్కడం లాంటి సంఘటన ఈవెంట్, అది జరగగానే నడిచే ఇలాంటి మెథడ్ ఈవెంట్ హ్యాండ్లర్. జీఎస్టీ లెక్క, డేటాబేస్, ప్రింటర్ అన్నీ నువ్వు అందులోనే కుక్కావు. హ్యాండ్లర్ పుట్టక ముందే బటన్‌కి 'సేవ్‌బటన్' లాంటి పేరు పెట్టాలి. తర్వాత బటన్ పేరు మార్చినా హ్యాండ్లర్‌కి పాత పేరే మిగిలిపోవచ్చు. హ్యాండ్లర్ లోపల రెండు మూడు లైన్లు చాలు. అసలు పని 'సేవ్‌బిల్' అనే వేరే మెథడ్‌లో ఉండాలి. రేపు కీబోర్డు షార్ట్‌కట్‌తో కూడా సేవ్ కావాలంటే అదే మెథడ్‌ని పిలుస్తావు. అలా చేయకుండా, హ్యాండ్లర్‌కి రెండు నల్‌లు (ఏమీ లేదని చెప్పే ఖాళీ విలువలు) ఇచ్చి నేరుగా పిలిచే మహానుభావులు ప్రతి ఆఫీసులోనూ ఉంటారు. ఆ లైను కనబడితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఇక నీ క్లాసు తానే ఈవెంట్ ప్రకటించే సంగతి. మారతహళ్ళిలో మీ పీజీ ఓనరు వాట్సాప్ గ్రూపులో 'టిఫిన్ తయారు' అని ఒక్క మాట పెట్టి ఊరుకుంటాడు. ఎవరు దిగి వస్తారో, ఎవరు పడుకుంటారో ఆయనకు అనవసరం. బిల్లు క్లాసు కూడా అంతే, వినేవాళ్ళ గురించి దానికి ఏమీ తెలియకూడదు. అందుకే నీ సీ షార్ప్ కోడ్ నడిచే డాట్‌నెట్‌లో హ్యాండ్లర్ వాయిడ్‌గా, అంటే ఏ జవాబూ తిరిగి ఇవ్వకుండా ఉంటుంది. పదిమంది వింటున్నప్పుడు ఎవరి జవాబు తీసుకోవాలి? పారామీటర్లు రెండే: పంపిన వస్తువు సెండర్, వివరాలు మోసే ఈవెంట్‌ఆర్గ్స్. చెప్పాల్సిన వివరం లేకపోతే నల్ పంపకు, 'ఈవెంట్‌ఆర్గ్స్.ఎంప్టీ' పంపు. సొంత డెలిగేట్ (హ్యాండ్లర్ ఏ రూపంలో ఉండాలో చెప్పే టైపు) కూడా రాసుకోవద్దు. ఏ రకం వివరాలకైనా పనికొచ్చే జెనరిక్ ఈవెంట్‌హ్యాండ్లర్ 2005లో డాట్‌నెట్ 2.0తోనే వచ్చేసింది.

పేర్ల దగ్గర మాత్రం కాస్త ఆగి ఆలోచించు. పని జరగబోయే ముందు వచ్చే ఈవెంట్ 'క్లోజింగ్', జరిగిపోయాక వచ్చేది 'క్లోజ్డ్'. 'బిఫోర్‌క్లోజ్', 'ఆఫ్టర్‌క్లోజ్' అని పెట్టవద్దని మైక్రోసాఫ్ట్ డిజైన్ మార్గదర్శకాలే చెబుతాయి. ఈ తేడా అలంకారం కాదు. ఫారం క్లోజింగ్‌లో క్యాన్సిల్‌ని ట్రూ చేస్తే మూసివేత ఆగిపోతుంది. క్లోజ్డ్ దగ్గర ఆపడానికి ఏమీ మిగలదు. నువ్వు 'బిల్‌సేవ్డ్' అనే ఈవెంట్‌ని డేటాబేస్‌లో రాయకముందే ప్రకటించావు. పేరు చూసి నమ్మినవాడు లేని బిల్లును ప్రింట్ చేస్తాడు.

'ఆన్' దగ్గర కొత్తవాళ్ళందరూ తికమకపడతారు. సీ షార్ప్‌లో 'ఆన్‌బిల్‌సేవ్డ్' అంటే ఈవెంట్‌ని ప్రకటించే ప్రొటెక్టెడ్ వర్చువల్ మెథడ్, అంటే ఈ క్లాసు నుంచి పుట్టిన క్లాసులు తిరగరాసుకోగలిగేది. దాన్ని అలా తిరగరాసే (ఓవర్‌రైడ్ చేసే) క్లాసు అసలు బేస్ మెథడ్‌ని పిలవడం మరిచిందంటే బయట వినేవాళ్ళకు కబురే అందదు. జావాస్క్రిప్ట్‌లో 'ఆన్‌క్లిక్' అందుకు తిరగబడి, కబురు అందుకునే చోటు అవుతుంది. జావాస్క్రిప్ట్ లైబ్రరీ అయిన రియాక్ట్ వాళ్ళు ప్రాప్‌ను (కాంపొనెంట్‌కి బయటి నుంచి ఇచ్చే విలువను) 'ఆన్‌క్లిక్' అని, అందుకునే ఫంక్షన్‌ను 'హ్యాండిల్‌క్లిక్' అని విడదీశారు. నాకైతే ఆ విభజనే అన్నిటికన్నా తేటగా అనిపిస్తుంది. జావాలో 1997 నాటి జేడీకే 1.1 నుంచీ, వినేవాణ్ణి చేర్చే 'యాడ్‌యాక్షన్‌లిజనర్' పద్ధతి నడుస్తోంది. దానికి జతగా, వినేవాణ్ణి తీసేసే రిమూవ్ మెథడ్ కూడా ఉంటుంది చూడు.

ఆ రిమూవ్‌నే అందరూ మరిచిపోతారు. సీ షార్ప్‌లో ఈవెంట్‌కి ప్లస్ ఈక్వల్స్ (+=) గుర్తుతో చేరినప్పుడు, ప్రకటించే వస్తువు వినేవాడి రిఫరెన్స్‌ని పట్టుకుని కూర్చుంటుంది. అప్లికేషన్ ఉన్నంతకాలం బతికే వస్తువుకో, స్టాటిక్ ఈవెంట్‌కో నీ ఫారం చేరి విడిపోకపోతే, యూజర్ మూసేసినా దాన్ని గార్బేజ్ కలెక్టర్ (వాడని వస్తువులను మెమరీ నుంచి తీసేసేది) తీసుకుపోలేదు. పదిసార్లు తెరిచి మూస్తే పది ఫారాలు మెమరీలో ఉండి, ఒక్క బిల్లుకు పదిసార్లు స్పందిస్తాయి. లాంబ్డాతో, అంటే అక్కడికక్కడే రాసే పేరులేని ఫంక్షన్‌తో చేర్చితే ఇంకా చిక్కు. విడదీసే మైనస్ ఈక్వల్స్ (-=) పక్కన మళ్ళీ అలాంటి లాంబ్డానే రాసినా పాతది తొలగిపోతుందని నమ్మలేవు. వేరియబుల్‌లో దాచుకో, లేదా పేరున్న మెథడ్ రాయి.

చిన్నవి రెండు. వినేవాళ్ళు లేనప్పుడు ఈవెంట్ నల్‌గా ఉంటుంది కాబట్టి ప్రశ్నార్థకం, చుక్క, ఇన్వోక్ కలిపి (?.Invoke) పిలువు. 2015లో సీ షార్ప్ 6 తెచ్చిన ఈ సౌకర్యం లేనప్పుడు లోకల్ వేరియబుల్‌లోకి కాపీ చేసుకుని చూసేవాళ్ళం. ఇక 'ఎసింక్ వాయిడ్'ని (పని ముగిసిందో లేదో పిలిచినవాడికి తెలియనివ్వని ఎసింక్ మెథడ్‌ని) హ్యాండ్లర్‌గా తప్ప మరెక్కడా వాడకు. అక్కడ కూడా లోపల, తప్పు జరిగితే పట్టుకునే ట్రై క్యాచ్ పెట్టు.

ఉద్యోగంలో మీ టీము పేర్లకు వేరే పద్ధతి పెట్టుకుని ఉంటే దాన్నే పాటించు, చేరిన నెలలోనే అండర్‌స్కోర్ల మీద వాదన వేసుకోకు. ప్లస్ ఈక్వల్స్ ఉన్నచోట మైనస్ ఈక్వల్స్ ఏదని మాత్రం, ఎదుట ఎంత సీనియర్ ఉన్నా అడుగు.

ఇట్లు,
మీ అత్తయ్య