అమ్మలూ, అడ్వాన్సు ఇప్పుడే ఇవ్వకు

విజయనగరం

చిరంజీవి అమ్మలుకి, మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటోలు రాత్రే చూశాను. పొద్దున్న కాఫీ తాగి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాను. టెక్కలి దగ్గర పశువుల శాలలో ఎర్ర హెరాల్డ్ కారు. టైర్లలో గాలి లేదు, బానెట్ మీద కోళ్లు ఎక్కి దిగిన మరకలు. "మూడు లక్షలు దాచుకున్నాను మామయ్యా, స్పోర్ట్స్ కారు కొనాలని చిన్నప్పటి నుంచీ ఉంది, ఇది కొననా?" అని అడిగావు. పాత కారు తప్పకుండా కొనుక్కో. ఆ కారే కొనాలా వద్దా అన్నది మాత్రం నేను వచ్చి చూశాక చెప్తాను. ఈలోగా ఎవరు తొందరపెట్టినా ఒక్క రూపాయి ఇవ్వకు.

అసలు నువ్వు హెరాల్డ్ దగ్గర ఆగావంటే నాకు చాలా సంతోషం వేసింది. స్పిట్‌ఫైర్లు, ఎంజీలు లాంటి రెండు సీట్ల స్పోర్ట్స్ కార్లు మన దేశంలో ఉన్నవే కొద్ది. అవి అమ్మకానికి వచ్చినా నీ మూడు లక్షలకి అందవు. హెరాల్డ్ అలా కాదు. ఇంగ్లండులో ట్రయంఫ్ వాళ్లు 1959లో హెరాల్డ్ తెచ్చారు. దాని రూపం గీసింది ఇటలీ వాడు మికెలొట్టి. ఆ చాసిస్‌నే, అంటే కింది ఇనప చట్రాన్నే, పొట్టి చేసి, మళ్లీ ఆయన చేతే గీయించి, 1962లో స్పిట్‌ఫైర్ తెచ్చారు. అదే హెరాల్డ్‌ని 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ వాళ్లు తయారుచేశారు. అంటే నువ్వు కలగన్న కారుకి ఇది సొంత అక్క వరస. ఇంజను 948 సీసీయే కాబట్టి వేగం ఆశించకు. స్టీరింగ్ పట్టుకుంటే తెలుస్తుంది దాని సంగతి. 25 అడుగుల్లో గుండ్రంగా తిరిగిపోతుంది. మన గంటస్తంభం చుట్టుపక్కల ఆటో వెనక్కీ ముందుకీ ఆడే చోట నా హెరాల్డ్ ఒక్క తిప్పుడులో తిరుగుతుంది.

ఇప్పుడు అసలు విషయం. పాత కారులో రేకు, కాగితం, ఈ రెండూ బాగుంటే మిగతావన్నీ బాగుచేసుకోవచ్చు. ఇంజను పట్టేసినా భయపడకు. సాలూరు లారీల ఊరు, అక్కడా ఇక్కడా లేత్ పని తెలిసిన మేస్త్రులున్నారు. బోరు అరిగితే స్లీవు వేస్తారు, వాల్వులు కూర్చోబెడతారు. కుళ్లిన చాసిస్‌ని, వారసులు కొట్టుకుంటున్న సి-బుక్కుని (రిజిస్ట్రేషన్ పుస్తకాన్ని) ఏ మేస్త్రీ బాగుచేయలేడు.

ఇది నేను డబ్బు పోసి నేర్చుకున్నాను. నా హెరాల్డ్ కంటే ముందు, 1993లో, పెద్ద ఊళ్లో ఒకతని దగ్గర కారు కొన్నాను. అద్దంలా మెరిసింది. సెల్ఫ్ కొట్టగానే స్టార్టయింది. నేను ఇంజను చప్పుడు విని మురిసిపోయి డబ్బు లెక్కపెట్టి ఇచ్చేశాను. శ్రావణమాసం వచ్చేసరికి తలుపు కింద అంచున రంగు పొక్కింది. అప్పడం మీద పొక్కులాగా, చిన్నది. బొటనవేలితో నొక్కితే వేలు లోపలికి దిగింది. గీరుతూ పోతే రంగు, దాని కింద పుట్టీ, పుట్టీ కింద పాత న్యూస్‌పేపరు ముద్ద. రేకు లేనే లేదు. రెండేళ్లు దానికి టింకరింగ్ చేయించి చేయించి, చివరికి పాత ఇనుము కొట్టుకి తూకానికి ఇచ్చాను. మీ అమ్మకి గుర్తుంటుంది, ఆ రోజు నేను అన్నం తినలేదు.

అందుకని కొత్త రంగు వేసిన కారు కంటే కోళ్లు ఎక్కిన నీ ఎర్ర కారే నాకు నయం అనిపిస్తోంది. దాచిపెట్టడానికి ఎవరూ ఏమీ చెయ్యలేదు దానికి. చూసేటప్పుడు ఫ్రిజ్ మీద అంటించుకునే అయస్కాంతం ఒకటి పట్టుకెళ్లాలి. పల్చటి గుడ్డ చుట్టి తలుపుల కింద, చక్రాల పైన అంచుల్లో, డిక్కీ నేల మీద పెట్టు. అతుక్కుంటే రేకు ఉన్నట్టు, జారిపోతే పుట్టీ. హెరాల్డ్‌కి బాడీ వేరు, చాసిస్ వేరు. చాసిస్ నుంచి పక్కలకి చేతుల్లా చాపిన రేకు దూలాలు ఉంటాయి, బాడీ అంచులు వాటి మీదే కూర్చుంటాయి. తుప్పు ముందు అక్కడే పడుతుంది. కింద పడుకుని టార్చి వేసి స్క్రూడ్రైవర్ మొనతో పొడిచి చూడాలి. టంగుమంటే మంచిది. పొడి రాలితే ఇంకా లోపలికి చూడాలి.

ఇంకొకటి. 2018లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు వంశధార పొంగింది. ఆ కారు నీళ్లలో మునిగిందో లేదో అమ్మేవాళ్లు చెప్పరు. హెడ్‌లైట్ రింగు విప్పి లోపల గిన్నెలో వేలు పెట్టు, సీటు కింద స్ప్రింగుల దగ్గర చూడు. ఒండ్రు మట్టి అక్కడ ఎన్నేళ్లయినా ఉంటుంది.

ఇంజను తిరిగే స్థితిలో ఉంటే ఒక పరీక్ష ఉంది. ఈ ఇంజన్లకి అది ముఖ్యం. బానెట్ మొత్తం, ముందు మడ్‌గార్డులతో సహా, ముందుకి ఒరుగుతుంది కదా, చక్రం పక్కన నిలబడితే ఇంజను అంతా కళ్ల ముందే ఉంటుంది. ఒకర్ని క్లచ్ తొక్కమని చెప్పి నువ్వు ఇంజను ముందు బెల్టు తిప్పే చక్రాన్ని, అదే క్రాంక్ పుల్లీని, చూస్తూ ఉండు. క్లచ్ తొక్కినప్పుడల్లా పుల్లీ కంటికి కనబడేంత ముందుకి జరుగుతోందంటే లోపల క్రాంక్‌ని ముందుకీ వెనక్కీ జరగకుండా ఆపే థ్రస్ట్ వాషర్లు అరిగిపోయినట్టు. వాషర్లు చిన్నవే, అవి ఊడి కింద పడితే మాత్రం క్రాంక్, బ్లాక్ రెండూ పాడవుతాయి. అలా ఉంటే కారు వదులుకోనక్కర్లేదు, ధర తగ్గించమను.

ఏళ్ల తరబడి ఆగి ఉన్న ఇంజనుకి బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొట్టనివ్వకు. ప్లగ్గులు విప్పి, ఒక్కో సిలిండర్లో రెండు చెంచాల ఇంజన్ ఆయిల్ పోసి, ఒక రోజు ఆగి, చేత్తో తిప్పాలి. బ్యాటరీ కలిపేముందు ఎర్తు ఎటుందో చూడాలి. పాత బ్రిటిష్ కార్లలో చాలావాటికి ప్లస్సు బాడీకి కలిపి ఉంటుంది, ఇప్పటి మెకానిక్కు అలవాటుగా మైనస్ కలిపేస్తాడు.

కాగితాల సంగతికి వస్తే నాకు కొంచెం టెన్షన్‌గానే ఉంది. "పాత బండికి కాయితాలెవులడుగుతారు మేడమ్" అని ఆ అమ్మేవాడు అన్నాడని రాశావు. మనమే అడగాలి. సి-బుక్కులో ఉన్న పేరు వాళ్ల నాన్నగారిదయితే, ఆయన లేరు కాబట్టి, ముందు ఫారం 31 పెట్టి వాళ్ల పేరున మార్చుకోవాలి. డెత్ సర్టిఫికెట్ కావాలి, మిగతా వారసుల ఒప్పుదల కావాలి. విశాఖలో ఉన్న అతని తమ్ముడు సంతకం పెడతాడో లేదో ఇప్పుడే తేల్చుకో. ఆ తర్వాతే నీ పేరు మీదకి 29, 30 ఫారాలు. బుక్కులో ఉన్న చాసిస్ నంబరు, కారు మీదున్న నంబరు ఒకటేనా చూడు. తెల్ల కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే అంకెలు అచ్చు పడతాయి, దాన్ని బుక్కు పక్కన పెట్టి ఒక్కో అంకె సరిపోల్చు. పాత బుక్కుల్లో చాలావాటి వివరాలు కంప్యూటర్లోకి ఎక్కలేదు, శ్రీకాకుళం రవాణా ఆఫీసుకి ఒక పూట వెళ్లి కనుక్కో.

వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయిస్తే బాగుంటుందని నీ స్నేహితురాలు చెప్పిందన్నావు. 50 ఏళ్లు దాటిన, పెద్ద మార్పులు చెయ్యని బళ్లకి 2021లో ఆ పద్ధతి పెట్టారు. ఫీజు 20,000, పదేళ్లు చెల్లుతుంది. కానీ ఆ నంబరుతో రోజూ తిరగడానికి వీల్లేదు. ప్రదర్శనలకీ, ర్యాలీలకీ, పెట్రోలుకీ, రిపేరుకీ మాత్రమే. నువ్వేమో ఆదివారం అరసవిల్లి వెళ్లాలి, కళింగపట్నం వెళ్లాలి అంటున్నావు. నీకు మామూలు ఆర్సీనే మంచిది. ఐదేళ్లకోసారి ఫిట్‌నెస్ చూపించి రెన్యువల్ చేయించాలి. 20 ఏళ్లు దాటిన కార్లకి ఆ ఫీజు 2025లో 10,000 చేశారు. అది నీ లెక్కలో రాసుకో.

లెక్క అంటే, మూడు లక్షల్లో కారుకి లక్షన్నర దాటనివ్వకు. మిగతా లక్షన్నర బ్యాంకులో ఉండాలి. నలభై వేలు బ్రేకులకీ, టైర్లకీ, పైపులకీ మొదటి నెల్లోనే వెళ్తాయి. ఇంజను విప్పితే ఇంకో లక్ష అవుతుందో, తక్కువవుతుందో విప్పాకే తెలుస్తుంది. ధర లక్షన్నరకి దిగనంటే దణ్ణం పెట్టి వచ్చేద్దాం. మూణ్ణెల్లాగితే వాళ్లే ఫోన్ చేస్తారు, చెయ్యకపోతే ఇంకో కారు చూద్దాం.

ముందు బ్రేకులు చేయించు. దీని హైడ్రాలిక్ బ్రేకుకి ఒకటే లైను. ఒక చక్రం దగ్గర లీకయితే నాలుగు చక్రాలకీ బ్రేకు పోతుంది. మాస్టర్ సిలిండర్లో, చక్రాల సిలిండర్లలో ఉన్న రబ్బర్లన్నీ కొత్తవి వేయించే వరకు వీధి చివరికి కూడా తీసుకెళ్లకు.

తర్వాత పెట్రోలు పైపులు. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ ఉంటోంది. ఆ కాలం రబ్బరుకి అది పడదు, ఉబ్బి పగులుతుంది. వేడి ఇంజను మీద పెట్రోలు కారితే ఏమవుతుందో నీకు చెప్పక్కర్లేదు. ఇథనాల్‌ని తట్టుకునే పైపులు వేయించి, సీటు కింద చిన్న ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పెట్టుకో. ఇథనాల్ తేమని కూడా పీల్చుకుంటుంది కాబట్టి వానాకాలంలో సగం ట్యాంకుతో నెలల తరబడి నిలబెట్టకు. ఎప్పుడైనా ఇంజను హెడ్ విప్పితే గట్టి వాల్వ్ సీట్లు వేయించు. 2000 నుంచి సీసం లేని పెట్రోలే వస్తోంది, పాత సీట్లకి ఆ సీసమే కాపుదల.

ట్రనియన్లు అనే మాట గుర్తుపెట్టుకో. ముందు చక్రాల కింద, చక్రం తిరిగే నిలువు కడ్డీ మరలా దిగే ముక్క అది. దానికి గ్రీజు కాదు, గేర్ ఆయిల్ పెట్టాలి, తొంభై నంబరుది. నేను మొదటి మూడేళ్లూ గ్రీజే పెట్టాను. పెట్టినవాడికీ తెలీదు, నాకూ తెలీదు. రణస్థలం దగ్గర హైవే దిగి పక్క రోడ్డులోకి తిప్పుతుంటే కడ్డీ తెగి ఎడమ చక్రం ఒరిగి పడుకుంది. నడిచే వేగంలో ఉన్నాను కాబట్టి మేమంతా బతికాం. వెనక సీట్లో మీ అత్తయ్య, ఒళ్లో నువ్వు. ఈ ఉత్తరంలో ఇంకేం మర్చిపోయినా ఇది మర్చిపోకు. మూణ్ణెల్లకోసారి, నువ్వు పక్కన నిలబడి, ఆయిల్ కారేదాకా పెట్టించు.

నడపడంలో ఒక్కటే జాగ్రత్త. హెరాల్డ్ వెనక చక్రాలు రెక్కల్లా ఊగుతాయి. మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటర్ ఒక్కసారి వదిలేసినా, బ్రేకు తొక్కినా చక్రాలు లోపలికి ముడుచుకుని బండి వెనకభాగం పక్కకి పోతుంది. మలుపుకి ముందే వేగం తగ్గించుకుని, మలుపులో కాలు మెత్తగా ఆనించి ఉంచాలి. సాలూరు దాటాక కొరాపుట్ ఘాట్ ఎక్కేటప్పుడు నీ పక్కన కూర్చుని నేర్పిస్తాను. ఆ రోజు కోసం నాకే ఆత్రంగా ఉంది.

సముద్రం దగ్గరకి వెళ్లొస్తే ఆ సాయంత్రమే మంచినీళ్లతో కింద భాగం కడుగు. ప్లాస్టిక్ టార్పాలిన్ కప్పకు, లోపల చెమ్మ పట్టి తుప్పు తొందరగా వస్తుంది. పాత నేత దుప్పటి చాలు. కొబ్బరిచెట్టు కింద మాత్రం పెట్టకు. హుద్‌హుద్ తుఫాను రోజు మా షెడ్డు రేకులు ఎక్కడ పడ్డాయో ఇప్పటికీ దొరకలేదు, కారు పక్క గదిలో ఉండబట్టి మిగిలింది.

ఆదివారం పొద్దున్న రైలుకి వస్తాను. ఆమదాలవలసలో దిగి ఫోన్ చేస్తాను, నువ్వు స్కూటీ తీసుకురా. అయస్కాంతం, టార్చి, స్క్రూడ్రైవర్లు నా దగ్గరున్నాయి. కింద పడుకోవడానికి ఒక గోనె, పెన్సిల్, తెల్ల కాగితాలు నువ్వు తెచ్చుకో. వాళ్లకి ఫోన్ చేసి సి-బుక్కు తీసి ఉంచమను, కారు కడగొద్దని కూడా చెప్పు.

మీ అమ్మకి విషయం చెప్పావో లేదో రాయలేదు. చెప్పు. కోప్పడితే ఫోన్ నాకు ఇమ్మను.

ఇట్లు,
మీ మామయ్య