ఆరేళ్ల మౌనం

ప్రశ్న: ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఒక రీజెన్సీ ప్రేమ నవల కొన్నాను. నాయిక ఆరేళ్లుగా ఒకతన్నే ప్రేమిస్తూ ఒక్క ఉత్తరమైనా రాయదు. ఎందుకండీ?
– ఒక పాఠకురాలు, చిక్కడపల్లి

జవాబు: రాయకూడదమ్మా, అదీ సంగతి. రీజెన్సీ అంటే ఇంగ్లండులో 1811 నుంచి 1820 దాకా, మూడో జార్జి రాజు జబ్బుపడితే కొడుకు ఆయన తరఫున పాలించిన కాలం. పెళ్లి కుదరకుండా ఆడపిల్ల పరాయి మగవాడికి ఉత్తరం రాస్తే పరువు పోయేది. ఒకే మనిషితో రెండు విడతలకు మించి డాన్స్ చేసినా గుసగుసలే. అందుకే ఆ కథల్లో కిందపడిన గ్లౌజు తీసివ్వడం కూడా పెద్ద ఘట్టం. నాకవి ప్రాణం. బర్కత్‌పురాలో మా పెద్దమ్మ, ఒకాయన తిరిగిచ్చిన పుస్తకంలో దొరికిన బస్ టికెట్టును నలభై ఏళ్లు పసుపు డబ్బాలో దాచుకుంది. ఆయన పేరు మాత్రం ఎవరికీ చెప్పలేదు.