కొండ మీద ‘మీతో ఎవరున్నారు?’ అని అడిగితే

ప్రశ్న: అన్నయ్య గారూ, నేను డెన్వర్ వచ్చి నాలుగు నెలలైంది. సెలవు రోజుల్లో ఇక్కడ అందరూ స్కీయింగ్‌కు వెళ్తున్నారు. గదిలో ఉండబుద్ధి కావడం లేదు, ఈ వారం ఒక్కడినే వెళ్దామనుకుంటున్నాను. పడిపోతే స్కీ ప్యాట్రోల్ వాళ్లు వచ్చి తీసుకెళ్తారట కదా, దానికి డబ్బు కట్టాలా? కొన్నాళ్లకు నేనూ ఆ పనిలో స్వచ్ఛందంగా చేరవచ్చా?

జవాబు: తమ్ముడూ, డబ్బు సంగతి ముందు రెండు ముక్కల్లో చెప్పేస్తాను. కొండ మీద నుంచి కిందికి దించినందుకు ఇక్కడి రిసార్టులు సాధారణంగా బిల్లు వేయవు. బిల్లు మొదలయ్యేది కింద క్లినిక్ తలుపు దగ్గర, అంబులెన్సు దగ్గర. నీ ఇన్సూరెన్సు కాగితాలు తీసి ఒకసారి చదువుకో. వీసా మీద ఉన్నవాళ్లు స్వచ్ఛందంగా పనిచేయవచ్చా, అందుకు బదులుగా ఇచ్చే ఉచిత పాసు జీతం కిందికి వస్తుందా అన్నది లాయరును అడిగి తేల్చుకో. నీ ఉత్తరంలో నాకు దిగులు పుట్టించింది డబ్బు కాదు, ‘ఒక్కడినే’ అన్న మాట.

నేను ఇక్కడికి వచ్చింది 2003లో. ఆఫీసులో నలుగురు తప్ప నాకు తెలిసినవాళ్లు లేరు. శుక్రవారం సాయంత్రం ఇంటికి చేరితే మళ్లీ సోమవారం పొద్దున దాకా ఒక్క మనిషితో మాట్లాడే అవసరం వచ్చేది కాదు. ఆ మౌనం భరించలేక మరుసటి జనవరిలో ఒక శనివారం స్కీలు అద్దెకు తీసుకుని కొండకు వెళ్లాను. ఎవరి దగ్గరా పాఠం నేర్చుకోలేదు. ఆకుపచ్చ వృత్తం ఉన్న వాలు తేలిక, నీలి చతురస్రం మధ్యరకం, నల్ల వజ్రం కష్టం అని బోర్డు మీద చదివి, అంతా తెలిసిందనుకున్నాను. మధ్యాహ్నానికి ధైర్యం వచ్చి, తీగకు వేలాడే కుర్చీలో కొండ పైకి తీసుకెళ్లే పై లిఫ్టు ఎక్కాను. దిగాక చూస్తే అక్కడి నుంచి కిందికి ఆకుపచ్చ దారి లేనే లేదు.

మూడో మలుపులో పడ్డాను. కుడి మోకాలి లోపల ‘టప్’మని ఏదో తెగిన చప్పుడు వినిపించింది. అలాంటప్పుడు చేయవలసింది ఒకటే. స్కీలు విప్పి, మనం పడి ఉన్నచోటికి కాస్త పైన వాటిని మంచులో కత్తెరలా నిలబెట్టాలి. పైనుంచి వచ్చేవాళ్లు ఆ గుర్తు చూసి తప్పుకుంటారు, ఎవరో ఒకరు ఆగుతారు. మ్యాపు మీద ఉండే ప్యాట్రోల్ నంబరుకు ఫోను చేసి వాలు పేరు, దగ్గరలో ఉన్న లిఫ్టు స్తంభం నంబరు చెప్పాలి. నేను ఇవేవీ చేయలేదు. పక్కనుంచి వెళ్తూ ఇద్దరు ముగ్గురు ఎలా ఉన్నావని అడిగితే, బాగానే ఉన్నానని చేయి ఊపాను. పరాయివాళ్ల ముందు నొప్పి ఒప్పుకోవడం మనకు నామోషీ. ఈ ఇరవై ఏళ్లలో కొత్తగా వచ్చిన మన పిల్లలు ఎంతమందిలోనో అదే చూశాను. నడిచి దిగుదామని లేచాను. బూటు మోకాలి దాకా మంచులో దిగబడింది. చెట్ల అంచున కూలబడ్డాను. నాలుగు దాటింది, లిఫ్టు ఆగిపోయింది. ఆ మోత ఆగాక కొండ మీద కమ్ముకునే నిశ్శబ్దం నా గదిలోని నిశ్శబ్దం కంటే పెద్దది.

అప్పుడు పైనుంచి ఒక కేక వినబడింది. లిఫ్టులు మూశాక ప్యాట్రోల్ వాళ్లు ప్రతి వాలునూ పై నుంచి కింది దాకా గాలిస్తూ దిగుతారు. దాన్ని ‘స్వీప్’ అంటారు. మధ్య మధ్య ఆగి, కేక వేసి, ఎక్కడి నుంచైనా జవాబు వస్తుందేమోనని చెవి ఒగ్గి వింటారు. ఈసారి నేను జవాబిచ్చాను.

ఎర్ర కోటు మీద తెల్ల శిలువ గుర్తు ఉన్న ఒక పెద్దావిడ వచ్చి నా పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. పేరేమిటి, ఈ రోజు ఏ వారం, తలకు దెబ్బ తగిలిందా, మెడ నొప్పిగా ఉందా, కాలి వేళ్లు కదపగలవా అని వరుసగా అడిగింది. కాలికి చెక్క కట్టింది. దెబ్బ తగిలినవాళ్లను పడుకోబెట్టి మంచు మీద లాక్కెళ్లే బండి, స్లెడ్, రేడియోలో చెప్పి తెప్పించింది. తర్వాత, ‘మీతో ఎవరున్నారు?’ అంది. ఎవరూ లేరన్నాను. ‘కింద ఎవరైనా ఎదురు చూస్తున్నారా?’ లేరన్నాను. ‘ఎవరికి ఫోను చేయమంటారు?’ అంటే నా నోట వచ్చింది ఆఫీసు నంబరు. శనివారం సాయంత్రం, మనిషి లేని ఆఫీసులో ఆ ఫోను మోగుతూనే ఉంది. మోకాలికి తర్వాత శస్త్రచికిత్స చేశారు, మానిపోయింది. ఆ ఫోను మోత మాత్రం ఇప్పటికీ చెవిలో ఉంది. కుడికాలు పనిచేయనివాడు కారు ఎలా నడుపుతాడు? ఆమె డ్యూటీ దిగాక నా కారు తనే నడిపి నన్ను ఇంటికి చేర్చింది, వెనకాల మరొకాయన తన కారులో వచ్చాడు.

ఆ ఇద్దరి కోసమే ఈ పనిలోకి వచ్చాను. గ్రీన్ కార్డు వచ్చాక, 2010లో. శిక్షణలో నేషనల్ స్కీ ప్యాట్రోల్ అనే ఈ సంస్థ పుట్టుక గురించి విన్నాను. 1936లో వెర్మాంట్‌లోని స్టోవ్‌లో మినట్ డోల్ అనే ఆయన చీలమండ విరిగి మంచులో పడిపోయాడు. మోసుకెళ్లే సాధనం ఏదీ లేక, తోటి స్నేహితులు పైకప్పు రేకు ఒకటి తెచ్చి దాని మీద ఆయనను కిందికి లాగారు. కొద్ది నెలలకే ఆ స్నేహితుల్లో ఒకడు స్కీ పందెంలో దెబ్బ తగిలి చనిపోయాడు. ఆ దుఃఖం నుంచి 1938లో ఈ సంస్థ వచ్చింది. పక్కన మనుషులు ఉన్నారు కనుక డోల్ బతికాడని అనుకున్నాను ఆ రోజు.

చేరాలంటే ముందు రెండు మూడు శీతాకాలాలు బాగా స్కీయింగ్ చేయి. ఔట్‌డోర్ ఎమర్జెన్సీ కేర్ అనే ప్రథమ చికిత్స శిక్షణ ఉంటుంది, పరీక్ష ఉంటుంది. మన పిల్లలకు పరీక్షలు ఒక లెక్క కాదు. కష్టమైంది స్లెడ్. ముందు పిడుల మధ్య నిలబడి, మనిషి బరువు వెనక నుంచి తోస్తూ ఉంటే, స్కీలు అడ్డం తిప్పి జారుతూ దిగాలి. వాలు మరీ నిటారుగా ఉంటే వెనక తాడు పట్టుకుని ఇంకొకరు ఆపుతూ వస్తారు. నాకు ఒక శీతాకాలమంతా పట్టింది.

ఒక పెద్ద తప్పు రేడియోలో చేశాను. గాలి హోరులో డిస్పాచ్, అంటే ఎవరు ఎక్కడికి వెళ్లాలో రేడియోలో చెప్పేవాళ్లు, చెప్పిన వాలు పేరు సరిగ్గా వినబడలేదు. మళ్లీ అడిగితే ఇంగ్లీషు రాదనుకుంటారేమోనని ‘అర్థమైంది’ అనేసి, స్లెడ్ తీసుకుని వేరే వాలుకు వెళ్లాను. మణికట్టు విరిగిన పదేళ్ల పిల్ల అదనంగా పావుగంట చలిలో పడి ఉంది. అప్పటి నుంచి విన్న ప్రతి మాటా తిరిగి చెప్పి, అవుననిపించుకున్నాకే కదులుతాను. ఇప్పుడు కొత్తగా చేరేవాళ్లకు రేడియో పాఠం చెప్పేది నేనే.

ఈ పనిలో ఏదీ ఒంటరిగా జరగదు. రాత్రి మంచు కురిస్తే, తెల్లవారకముందే ఇద్దరిద్దరుగా పైకి వెళ్లి, 30 నుంచి 45 డిగ్రీల వాలు ఉన్న చోట్ల పేలుడు పదార్థం విసిరి, పేరుకున్న మంచు తర్వాత మనుషుల మీద విరుచుకుపడకుండా ముందే జారగొడతారు. అందుకు వేరే శిక్షణ, లైసెన్సు కావాలి. అక్కడ ఒకరు వాలు దాటుతుంటే రెండోవారు నిలబడి చూస్తూ ఉండాలి. మంచులో కూరుకుపోయినవాళ్లకు మొదటి పావుగంటే ఆయువు. ఆ పావుగంటలో అందేది పక్కన ఉన్నవాడి చేయి మాత్రమే.

కొత్త మంచు పడ్డ రోజు చెట్ల మధ్యకు వెళ్లకు. దేవదారు కొమ్మల కింద, మొదలు చుట్టూ వదులు మంచు బావిలా ఉంటుంది, పైకి కనబడదు. తలకిందులుగా పడితే సొంతంగా బయటపడటం దాదాపు అసాధ్యం. కావాలని మనుషులను అందులో దించి పరీక్షించినప్పుడు పదిమందిలో తొమ్మిదిమంది బయటికి రాలేకపోయారు. చెవిలో పాటలు పెట్టుకుని ఒంటరిగా అటు జారిపోయే కుర్రవాళ్లను చూస్తే నా గుండె ఆగుతుంది.

శనివారం వెళ్లు, వద్దనను. ముందు పాఠం నేర్పేవాళ్ల గుంపులో చేరు. అక్కడ నీలాగే కొత్తవాళ్లు ఏడెనిమిది మంది ఉంటారు, వాళ్ల పేర్లు అడుగు, మధ్యాహ్నం వాళ్లతోనే కూర్చో. కోటు లోపలి జేబులో ఒక కాగితం మీద నీ పేరు, నువ్వు వాడే మందులు, ఈ దేశంలో నీకోసం వెంటనే ఫోను ఎత్తే ఒక మనిషి నంబరు రాసి పెట్టుకో. ఆఫీసు నంబరు రాయకు. ఎవరి పేరూ తోచకపోతే శుక్రవారం లోపు నాకు రాయి, నా నంబరు పంపిస్తాను.