అత్తగారి దయ, కోడలి చాకిరీ

ప్రశ్న: మాది రాజమండ్రి. ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ భార్య పోయినేడు చనిపోయింది. వాళ్ళబ్బాయి గవర్నమెంటు కాలేజీలో ఇంటర్. అప్పట్నుంచీ మా అత్తగారు ఆ అబ్బాయికి మూడు పూటలా మా ఇంట్లోనే పెడుతున్నారు. పిల్లాడు మంచివాడే, తిన్న కంచం తనే కడిగి పెడతాడు, మా బాబుకి ఎక్కాలు చెప్తాడు. కానీ అయిదింటికి లేచి వండేది నేను. నా వల్ల కావట్లేదంటే "మా నాన్న వారాలు చేసుకుని చదువుకున్నాడు, నీకా బాధేం తెలుసు" అని బంధువుల ముందు అనేశారు. మా ఆయన "అమ్మ ఇష్టం, వదిలెయ్" అంటారు. నేను అంత రాతిగుండె దాన్నా?

జవాబు: కాదమ్మా. తెల్లారకముందే లేచి వండి, బడికెళ్ళి పాఠాలు చెప్పి, వచ్చి మళ్ళీ పొయ్యి ముందు నిలబడే మనిషిని ఎవరూ ఆ మాట అనకూడదు. అత్త సొమ్ము అల్లుడు దానం అంటారు కదా, మీ ఇంట్లో కోడలి కష్టం అత్తగారి దానమైంది. మీ కోపం ఆ పిల్లాడి మీద కాదని మీ ఉత్తరంలోనే తెలుస్తోంది. మీ కష్టాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదని.

అయినా ఆ అన్నం మాత్రం ఆపకండి. తల్లి పోయిన ఇంట్లో ఆ వయసు పిల్లలు చదువు మానేసేది చాలాసార్లు మార్కులు రాక కాదు, పొద్దున్నే ఇంత తిని వెళ్ళు అనే మనిషి లేక. ముందు ఒక రోజు కాలేజీ ఎగ్గొడతారు, తర్వాత ఏదో షాపులో పనికి కుదిరిపోతారు. టంగుటూరి ప్రకాశం గారి సంగతే చూడండి. తండ్రి చిన్నప్పుడే పోతే తల్లి ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి పెంచింది. మాస్టారు ఇమ్మానేని హనుమంతరావు నాయుడు గారు తన వెంట మీ రాజమండ్రికే తీసుకొచ్చి చదివించారు. ఆ పిల్లాడే 1953లో ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి అయ్యాడు. మీ వాచ్‌మన్ కొడుకు ముఖ్యమంత్రి కానక్కర్లేదు, ఇంటర్ పాసై డిగ్రీలో చేరితే చాలు, ఆ ఇంటి దారే మారిపోతుంది.

ఇక వారాల సంగతి. మీ అత్తగారు ఆ మాటతో మీ నోరు మూయించారు గానీ, అసలు దారి అందులోనే ఉంది. వారాలంటే ఏమిటి? సోమవారం ఒక ఇంట్లో, మంగళవారం ఇంకో ఇంట్లో, ఇలా ఏడు ఇళ్ళు కలిసి ఒక పిల్లాణ్ణి చదివించడం. ఏ ఇల్లాలికైనా వారానికి ఒక్క రోజే. అప్పట్లో అది ఎక్కువగా బ్రాహ్మణ కుర్రాళ్ళకే అందిన ఆసరా, మీ అత్తగారు ఆ గీత దాటి వాచ్‌మన్ కొడుక్కి కంచం పెట్టారంటే నిజంగా గొప్ప మనసే. కానీ వాళ్ళ నాన్నగారి భారం ఏడు ఇళ్ళు పంచుకున్నాయి, ఇక్కడ మొత్తం మీ ఒక్కరి నడుం మీదే పడింది. ఈ మాటే ఆవిడతో చెప్పండి, ఒంటరిగా ఉన్నప్పుడు, కోపం లేకుండా. "తాతగారికి పెట్టినట్టే పెడదాం అత్తయ్యా, పక్క ఫ్లాట్ల వాళ్ళని మీరే అడగండి" అనండి. పెద్దావిడ అడిగితే కాదనేవాళ్ళు తక్కువ.

మధ్యాహ్నం భోజనం అయితే, ఆంధ్రలో ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో 2025 జనవరిలో డొక్కా సీతమ్మ గారి పేరుతో మొదలుపెట్టారు. (ఆవిడా మీ గోదావరి ఆడపడుచే, లంకల గన్నవరంలో వేళ కాని వేళ వచ్చినవాళ్ళకి కూడా వండి పెట్టిన ఇల్లాలు.) ఆ అబ్బాయి అక్కడ తింటున్నాడో లేదో కనుక్కోండి, ఒక పూట అక్కడే తగ్గుతుంది.

మీ ఆయన్ని మాత్రం వదలకండి. "అమ్మ ఇష్టం" అనడం చాలా సులువు, పిండి రుబ్బడం, కూరగాయలు తరగడం రాత్రే ఆయన చేసి పెట్టాలి, ఆదివారం టిఫిన్ పూర్తిగా ఆయనదే.

ఇంకొక్కటి, ఈ గొడవ ఆ పిల్లాడి చెవిన పడనివ్వకండి, విన్నాడంటే రేపట్నుంచి ఆకలి లేదంటాడు. తిన్నందుకు బదులుగా బజారు పనులు కూడా చెప్పొద్దు, మెల్లగా పనివాడైపోతాడు. ఎక్కాలు మాత్రం చెప్పనివ్వండి. అది వాడంతట వాడు ఇస్తున్నది, తీసుకోండి. అత్తగారితో మాట్లాడాక ఏమన్నారో మళ్ళీ రాయండి.