సందేహాలు – సమాధానాలు: ‘బ్లాక్ ఫ్రైడే’కి ఆ నలుపు ఎక్కడిది?

ప్రశ్న: నవంబరు వస్తే చాలు, పేపర్లో, ఫోన్లో ‘బ్లాక్ ఫ్రైడే సేల్’ ప్రకటనలే. మనకు శుక్రవారం లక్ష్మీపూజ చేసుకునే రోజు, దానికి నలుపేమిటి? దుకాణాల వాళ్లు ఏడాదంతా నష్టాలను ఎర్ర సిరాతో రాసి, ఆ రోజు నుంచి లాభాలను నల్ల సిరాతో రాస్తారని, అందుకే ఆ పేరని డల్లాస్‌లో ఉన్న మా అబ్బాయి చెప్పాడు. నిజమేనా? నల్లధనం అన్నట్టు దీన్ని ‘నల్ల శుక్రవారం’ అనొచ్చా?

జవాబు: సిరా కథను అమెరికాలోనూ చాలామంది నమ్ముతారు. కానీ పేరు అలా పుట్టలేదు. ఇది పోలీసులు విసుగుతో పెట్టిన పేరు.

అమెరికాలో నవంబరు నాలుగో గురువారం థాంక్స్ గివింగ్ పండుగ. మర్నాటి నుంచి జనం క్రిస్మస్ కొనుగోళ్లకు దిగుతారు. ఫిలడెల్ఫియాలో దీనికి తోడు ఆ శనివారం సైనిక, నౌకాదళ అకాడమీల జట్ల మధ్య ఫుట్‌బాల్ మ్యాచ్ ఉండేది. షాపింగ్‌కి శివార్ల నుంచి వచ్చేవాళ్లు, మ్యాచ్ కోసం పొరుగూళ్ల నుంచి వచ్చేవాళ్లు ఒక్కసారే ఊరి నడిబొడ్డున పడేవారు. ట్రాఫిక్ కదిలేది కాదు. పోలీసులకు సెలవు ఉండేది కాదు, పైగా డ్యూటీ గంటలు పెరిగేవి. 1950ల చివరికి, 60ల మొదట్లో వాళ్ల నోట నలిగిన మాటే బ్లాక్ ఫ్రైడే. వ్యాపారులకు అది బొత్తిగా నచ్చలేదు. 1961లో దాన్ని ‘బిగ్ ఫ్రైడే’గా మార్చాలని చూశారు గానీ, కొత్త పేరు ఎవరి నోటా నిలవలేదు.

అంతకుముందు 1951లో పరిశ్రమల వాళ్ల పత్రిక ఒకటి ఇదే రోజును ఇదే పేరుతో ప్రస్తావించింది. అక్కడ గోడు ఫ్యాక్టరీ యజమానులది: పండుగ మర్నాడు ఒంట్లో బాగాలేదని కార్మికులు పనికి రావడం లేదని. అంటే రెండు చోట్లా నలుపుకు అర్థం ఇబ్బందే, లాభం కాదు.

సిరా వివరణ అచ్చులో కనిపించేది 1980ల మొదట్లో. ఒక మాట వాడుకలోకి వచ్చిన ఇరవై, ముప్పై ఏళ్లకు బయటపడిన వివరణను దాని పుట్టుకగా ఒప్పుకోలేం. ఎంత చక్కగా అతికినా సరే, ముందు తేదీలు చూడాలి. గౌరవమైన కథ వెనక నుంచి వచ్చి పేరుకు అతుక్కోవడం మనకూ కొత్త కాదు. ‘త్రిలింగం’ నుంచి ‘తెలుగు’ వచ్చిందన్న మాటను కూడా చాలామంది భాషా పండితులు తర్వాత చేసిన సంస్కృతీకరణగానే చూస్తారు.

వాట్సాప్‌లో ఇంకో కథ తిరుగుతోంది, ఆ రోజు బానిసలను తక్కువ ధరకు అమ్మేవారని. దానికి ఏ ఆధారమూ లేదు. అమెరికాలో బానిసత్వం 1865లో రద్దయింది. ఈ రోజుకు ఈ పేరు కనిపించేది ఎనభై ఏళ్లు దాటాక. అలాగే 1869 సెప్టెంబరు 24న బంగారం ధర కూలిన శుక్రవారాన్నీ బ్లాక్ ఫ్రైడే అన్నారు, దానికీ షాపింగ్‌కీ సంబంధం లేదు.

ఇక తెలుగు చేయడం గురించి. నల్లధనం, నల్లబజారు అన్నప్పుడు ‘నల్ల’ అంటే చట్టం కళ్లుగప్పినది అని మనకు స్థిరపడింది. కాబట్టి ‘నల్ల శుక్రవారం సేల్’ అంటే దొంగసరుకు అమ్ముతున్నారేమో అనిపిస్తుంది. ‘చీకటి శుక్రవారం’ అంటే ఏదో ఘోరం జరిగిన రోజవుతుంది. 1987 అక్టోబరు 19న, ఒక సోమవారం, న్యూయార్క్ షేర్ మార్కెట్‌లో డౌ జోన్స్ సూచీ ఒక్కరోజులో 22.6 శాతం పడిపోయింది. బ్లాక్ మండే అని పేరుపడ్డ ఆ రోజును చీకటి సోమవారం అంటే అర్థం చెడదు, ఇక్కడ మాత్రం చెడుతుంది. గుడ్ ఫ్రైడేను మన క్రైస్తవులు ‘శుభ శుక్రవారం’ అని తెలుగు చేసుకున్నారు. అది వాళ్లు భక్తితో పాటించే రోజు, మాట నిలిచింది. బ్లాక్ ఫ్రైడే మనకు పండుగ కాదు, బయటి నుంచి వచ్చిన అమ్మకం పేరు. దాన్ని అలాగే ఉంచడమే మంచిదని నా అభిప్రాయం. వార్తలో రాసేటప్పుడు మొదటిసారి ‘థాంక్స్ గివింగ్ మర్నాటి శుక్రవారం’ అని వివరిస్తే చాలు. ఇక్కడి దుకాణాలు వారం, పది రోజులు అమ్మకం పెడుతున్నాయి కాబట్టి ‘బ్లాక్ ఫ్రైడే సేల్‌లో కొన్నాను’ అనొచ్చు. ‘బ్లాక్ ఫ్రైడే నాడు కొన్నాను’ అనాలంటే మాత్రం ఆ శుక్రవారమే కొని ఉండాలి.