శొంఠి పొడి, వాము దారిలోనే పాడవుతున్నాయంటే
ఒడిశాలోని రాయగడలో బాగున్న శొంఠి పొడి, వాము కోరాపుట్ చేరేసరికి గడ్డకట్టి ముక్కిపోయిన వాసన వస్తోందంటే, చాలావరకు వేడి మీదే మూత పెట్టి ఉంటారు. ఆ ఆవిరి మూత లోపల చుక్కలై మళ్లీ పొడిలోకే దిగుతుంది. వానాకాలం ఘాట్ రోడ్డు చెమ్మ దానికి తోడు.

1. శొంఠి నలగ్గొట్టి, వాము విడిగా, సన్నసెగ మీద దోరగా వేయించండి.

2. పళ్లెంలో పలచగా ఆరబెట్టండి. ఇది అందరూ చేస్తారు. వదిలేసేది దీని తర్వాతది: మిక్సీలో తిరిగిన పొడి కూడా వేడెక్కుతుంది. దాన్నీ మళ్లీ పరిచి పూర్తిగా చల్లారనివ్వండి. పిడికిట్లో బిగించి వదిలితే ముద్ద కట్టకుండా జారిపోవాలి.

3. తడి లేని చిన్న స్టీలు డబ్బాల్లో పెట్టి, పేరు, తేదీ అంటించండి. చెంచా పొడిగా ఉండాలి.

ముక్కిన పొడి ఎండబెట్టి వాడొద్దు, పారేయండి.

మీతో ఏడాది నిండని చిన్నపాప ఉంటే, తేనెలో రంగరించి ఏదీ నాకించకండి. విరేచనాలైతే వాము సరిపోదు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు తప్పకుండా పెట్టుకోండి, పాపకైతే వెంటనే డాక్టరుకు చూపించండి.