వోరులో డాక్టరుగారి ఇంటికి వెళ్లే ముందు

చిరంజీవి చిన్నారికి,

పెద్దమ్మ ఆశీస్సులు. మొన్న ఫోన్లో "వచ్చే శనివారం వోరు వెళ్తున్నాను, అక్కడ క్రొయిట్స్‌వాల్డ్ ఇల్లు మ్యూజియంగా ఉందట కదా, గంటలో చూసేయొచ్చా?" అని అడిగావు. పొయ్యి మీద కూర ఉండి సరిగా చెప్పలేకపోయాను. ఎస్టోనియాలోని ఆ చిన్న ఊళ్లో ఆ ఇల్లు గంటలో చూసేయొచ్చు తల్లీ. కానీ అలా వెళ్తే పాత బల్లలు, కుర్చీలు, కాగితాలు చూసి వచ్చేస్తావు. మీ అన్నయ్య దగ్గర ఉన్నప్పుడు నేను మొదటిసారి అలాగే వెళ్లొచ్చాను. కాస్త చదువుకుని రెండోసారి వెళ్తే అదే ఇంట్లోంచి బయటికి రాబుద్ధి కాలేదు.

ముందు ఆ క్రొయిట్స్‌వాల్డ్ ఎవరో తెలుసుకో. ఎస్టోనియా మహాకావ్యం రాసిన కవి, వృత్తికి డాక్టరు. 1803లో వెట్టి రైతుల ఇంట పుట్టాడు. జమీందారు చేతికింద బతికే కుటుంబం, ఆయనకు పన్నెండేళ్లు దగ్గరపడ్డాక గానీ విడుదల దొరకలేదు. ఆ పిల్లవాడే నువ్వు చదువుతున్న టార్టు యూనివర్సిటీలో వైద్యం చదివాడు. 1833లో వోరుకి డాక్టరుగా వచ్చి 1877 దాకా, అంటే నలభై నాలుగేళ్లు, ఆ చిన్న ఊళ్లోనే ఉండిపోయాడు. నీ క్లాసులు జరిగే ఊరి నుంచే బయల్దేరాడు కాబట్టి, బస్సులో నువ్వు కూర్చునే ఆ డెబ్బై కిలోమీటర్లూ ఆయన దారే అనుకో.

ఇక అసలు సంగతి. ఆ రోజుల్లో ఎస్టోనియాలో చదువుకున్నవాళ్ల భాష జర్మన్. ఎస్టోనియన్ అంటే పొలం పనివాళ్ల మాట. అలాంటి భాషలో ఒక మహాకావ్యం ఉండాలని ఫేల్మన్ అనే మరో డాక్టరు మొదలుపెట్టి, 1850లో చనిపోయాడు. ఆ పని క్రొయిట్స్‌వాల్డ్ భుజాన వేసుకున్నాడు. పగలంతా రోగుల్ని చూసుకుంటూనే రాశాడు. 1853లో సుమారు పద్నాలుగు వేల పంక్తులతో ఒక రూపం సిద్ధమైతే సెన్సారు అడ్డుపడింది. మళ్లీ కూర్చున్నాడు. చివరికి 1857 నుంచి 1861 వరకు జర్మన్ అనువాదంతో పాటు, పండితుల కోసం వేసిన పుస్తకంగా భాగాలు భాగాలుగా బయటికొచ్చింది. మామూలు జనం చదువుకునే ప్రతి 1862లో పొరుగున ఫిన్లాండ్‌లోని కుయోపియో ఊళ్లో అచ్చయింది. అదే 'కలేవిపోయెగ్'. ఇరవై పాటలు, పంతొమ్మిది వేల పంక్తులు. అక్కడివాళ్లు ఆయన్ని 'లౌలుఇసా' అంటారు, పాటల తండ్రి అని. మ్యూజియంలో ఆయన బల్ల ముందు నిలబడినప్పుడు ఆ సెన్సారు దెబ్బ తిన్న తర్వాత మళ్లీ కలం పట్టిన మనిషిని తలుచుకో.

కావ్యం మొత్తం చదవక్కర్లేదు. 1895లో కిర్బీ అనే ఆయన కథని ఇంగ్లీషులో వచనంగా చెప్పాడు, ఇంటర్నెట్లో ఉచితంగా దొరుకుతుంది. కనీసం రెండు ఘట్టాలు చదువు. ఒకటి ముళ్లపంది కథ. కావ్యనాయకుడు కలేవిపోయెగ్ చెక్కపలకల మోపుతో వస్తుంటే మాంత్రికుడి కొడుకులు మీద పడతారు. పలకలతో బాదుతుంటే అవన్నీ విరిగిపోతుంటాయి. అప్పుడు పొదలోంచి సన్నని గొంతు, "అంచుతో కొట్టు, అంచుతో!" అంటుంది. ఆ మాట విని గెలుస్తాడు. చెప్పింది ఒంటిమీద ఏమీ లేని చిన్న ముళ్లపంది. కృతజ్ఞతగా తన కోటులోంచి ఒక ముక్క ఇస్తాడు, ఆ ముక్కే దాని ముళ్లయింది. రెండోది ముగింపు. తన కత్తికి తానే ఇచ్చిన ఆజ్ఞ తిరగబడి, ఆ కత్తే ఆయన కాళ్లు నరుకుతుంది. నాకు ఆ చోట కళ్లు చెమర్చాయి.

ఇదంతా జానపద పాటలు కూర్చినదా, ఆయన సొంత రచనా అని నువ్వే అడుగుతావు, నిన్ను నాకు తెలుసు. పాత పాటల నడకలో ఎక్కువ భాగం ఆయనే అల్లాడు. ఆ నడక విని తీరాలి: మొదటి అక్షరాలు కలుస్తూ సాగే పొట్టి పంక్తులు, ఒకరు అందుకుంటే మిగతావాళ్లు పలుకుతారు, మన వరినాట్ల పాటల్లాగే. వెళ్లే ముందు ఫోన్లో ఒక పాట విని వెళ్లు.

ఇంకొకటి, అక్కడ కొయిదుల ఉత్తరాల గురించి అడుగు. లిడియా కొయిదుల నీ ఊళ్లోనే, టార్టులో ఉండేది. ఆయనకన్నా నలభై ఏళ్లు చిన్న. 1867 నుంచి 1873 దాకా వాళ్లిద్దరూ రాసుకున్న ఉత్తరాలు ఎస్టోనియన్ సాహిత్యంలో పెద్ద నిధి. పెద్దవయసు కవి, ఇరవైల్లో ఉన్న కవయిత్రి, మధ్యలో టపా. నీ వయసు పిల్లకి అది చాలా చెబుతుంది.

మిగతావి చిన్న విషయాలు. వోరుకి ప్రయాణికుల రైలు లేదు, బస్సే. మ్యూజియం తెరిచి ఉండే రోజులు, వేళలు ముందు చూసుకో. మేము ఒకసారి సెలవు రోజున గేటు ముందు నిలబడి తిరిగొచ్చాం, మీ అన్నయ్య సెలవు వృథా అయింది. డిసెంబరులో పగలు ఆరు గంటలే, కాబట్టి చలికాలమైతే పొద్దున్నే బయల్దేరు. లోపలికి వెళ్లగానే "తెరే" అను, అంటే నమస్కారం; వచ్చేటప్పుడు "ఐతా" అను, అంటే ధన్యవాదాలు. వాళ్లు తక్కువ మాట్లాడతారు, దాన్ని ముభావం అనుకోకు. నువ్వు ఒక్క ప్రశ్న మనసుపెట్టి అడిగితే చాలు, ఓపిగ్గా చెప్తారు. ఫోటోలు తీసే ముందు అడుగు.

చూశాక అలాగే తముల చెరువు వైపు నడువు. ఒడ్డున అమాండుస్ ఆడమ్సన్ చెక్కిన ఆయన విగ్రహం ఉంది, 1926 నాటిది. ఫ్లాస్కులో టీ, రెండు చపాతీలు పట్టుకెళ్లి ఆ బెంచీల మీద కూర్చో. ముగింపు పాట అక్కడ చదువు. తిరుగు బస్సు టైము మాత్రం ముందే చూసి పెట్టుకో, ఆ గాలికి కూర్చుంటే లేవాలనిపించదు.

ఇట్లు,
మీ పెద్దమ్మ